రెండో ఇసుక తుఫాను

వేసవి సెలవుల్లో వారాలకి పేర్లుండవు. లేచామా, తిన్నామా, ఆడామా, పడుకున్నామా, అంతే. ఇవాళ మంగళవారమా బుధవారమా అని ఎవరైనా అడిగితే గోడకున్న క్యాలెండర్ చూసి చెప్పాల్సిందే. కానీ శనివారం మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది మాకు. పొద్దున్నే అమ్మ నవారు మంచాన్ని ఎండలో వేసి దులిపేది. కూజా కడిగి కొత్త నీళ్ళు పోసేది. మమ్మల్ని రోజూ కంటే ఓ రెండు కేకలు తక్కువ వేసేది. అది నాన్న వచ్చే రోజు.

మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో. అక్కడ వీధులకి పేర్లు పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయినట్టుంది, లైన్లకీ నంబర్లే, అడ్డరోడ్లకీ నంబర్లే. నాన్న ఉద్యోగం రెంటచింతలలో, బ్యాంకు బ్రాంచిలో. ఇప్పుడది పల్నాడు జిల్లా అయింది గానీ అప్పుడు అంతా ఒకటే జిల్లా. ఒకటే జిల్లా అన్న మాటేగానీ మధ్యలో వంద కిలోమీటర్ల పైన దూరం. మా చదువులు, నాయనమ్మ మందులు, అన్నీ గుంటూరుతో ముడిపడ్డాయి కాబట్టి నాన్న అక్కడ ఓ గది తీసుకుని ఉండేవారు.

వేసవిలో తెలుగు పేపర్ చదివేవాళ్ళెవరికైనా రెంటచింతల పేరు తెలియకుండా ఉండదు. ఆ ఊరు చూడకపోయినా అక్కడి ఎండ ఎంతో అందరికీ తెలుసు. పేపర్ రాగానే మా ఇంట్లో అందరూ తలా ఒక పేజీకి పోతే, అమ్మ మాత్రం ముందు ఉష్ణోగ్రతల పట్టీ చూసేది. విజయవాడ ఎంతో, గుంటూరు ఎంతో ఆవిడకి అక్కర్లేదు. వేలు నేరుగా రెంటచింతల మీదికి వెళ్ళి ఆగేది. 43 అంటే ఏమీ అనేది కాదు. 45 అంటే పేపర్ మడిచి పక్కన పెట్టి, కాసేపు ఆ గది కిటికీల గురించి మాట్లాడేది. ఒకటే కిటికీ, అదీ పడమటి వైపు. నాన్న దగ్గర ఈ మాట ఎత్తితే ఆయన తేలిగ్గా తీసేసేవారు. "ఎండ అన్ని ఊళ్ళలోనూ ఉందే. కొలిచేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు, అంతే తేడా," అనేవారు. వాతావరణ శాఖ పరికరాలు అక్కడున్న మాట నిజమే. అయినా అమ్మ నమ్మేది కాదు.

అప్పట్లో బ్యాంకులకి శనివారం ఒంటిపూట. రెండో శనివారం, నాలుగో శనివారం పూర్తి సెలవనే భాగ్యం 2015లో గానీ రాలేదు, అప్పటికి నాన్న రిటైరై నాలుగేళ్ళు. ఒంటిపూటంటే ఒంటిపూట కాదు మళ్ళీ. లెక్క తేలాలి, తాళాలు పడాలి, భోజనం చేశామనిపించాలి. ఇవన్నీ అయ్యి మాచర్ల వైపు నుంచి వచ్చే ఎర్రబస్సు పట్టుకుంటే, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా గుంటూరు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. పిడుగురాళ్ళ అంటే సున్నపు బట్టీలు. కిటికీ పక్క సీటు దొరికిన వారం ఆయన కుడి చెయ్యి, జుట్టులో ఓ పక్కా తెల్లగా ఉండేవి. "కిటికీ దొరికిందా నాన్నా?" అని అడగక్కర్లేదు, చూస్తే తెలిసిపోయేది.

చేతిలో ఓ రెక్సిన్ సంచి. అందులో వారం బట్టలు, ఖాళీ సీసాలు. పోయిన సోమవారం నిండుగా వెళ్ళిన కందిపొడి సీసా, గోంగూర పచ్చడి సీసా ఖాళీగా తిరిగొచ్చేవి. అమ్మ ముందు సీసాల మూతలు తీసి చూసేది. పచ్చడి అడుగున మిగిలిందంటే ఆ వారం నాన్న సరిగా తినలేదని లెక్క. ఆయన ఏం చెప్పినా సీసా చెప్పిందే అమ్మకి ప్రమాణం.

ఆ ఏడాది, అంటే 1998లో, ఏప్రిల్ 23తో మా బడి అయిపోయింది. మర్నాడు శుక్రవారం, షార్జాలో ఇండియా, ఆస్ట్రేలియా ఫైనల్. సెలవులు ఇంతకన్నా బాగా మొదలవడం మళ్ళీ నేనెరగను. అంతకు రెండు రోజుల ముందు, బుధవారం నాటి మ్యాచ్‌లో ఇసుక తుఫాను వచ్చి ఆట ఆగిపోవడం, ఆ తర్వాత సచిన్ 143 కొట్టడం, మ్యాచ్ ఓడినా రన్‌రేటు లెక్కలతో మనవాళ్ళు ఫైనల్ చేరడం, ఇవన్నీ అప్పటికే మా లైన్లో అరిగిపోయేదాకా చెప్పుకున్నాం. ఫైనల్ రోజు అతని 25వ పుట్టినరోజు కూడా. పక్కింటి పిన్నిగారింట్లో కలర్ టీవీ. ఆ హాల్లో ఇరవై మందిమి పట్టాం. చిన్నవాళ్ళం గచ్చు మీద, పెద్దవాళ్ళు కుర్చీల్లో, ఇద్దరు ముగ్గురు కిటికీ బయట. ఆస్ట్రేలియా 272 కొట్టింది. సచిన్ 134 కొట్టాడు. ఇంకా తొమ్మిది బంతులుండగా ఆరు వికెట్ల తేడాతో గెలిచాం. కిటికీ బయటున్నాయన ఎవరో చెప్పులు అక్కడే వదిలేసి గెంతుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ చెప్పులు మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాయి.

ఇంట్లో ఒకే ఒక్క బాధ. నాన్న లేకుండా చూశాం. తమ్ముడికి తొమ్మిదేళ్ళు, నాకు పన్నెండు. నాన్నకి ఎవరు ముందు చెప్పాలన్న దాని మీద శనివారమంతా గొడవ.

శనివారం సాయంత్రం మా ఇద్దరి పని డాబా తడపడం. ఈ సంగతి రాసేవాళ్ళందరూ మట్టివాసన అని రాస్తారు. మా డాబా మీద మట్టివాసన వచ్చేది కాదు, సబ్బువాసన వచ్చేది. కారణం, నీళ్ళు వృథా కావడం అమ్మకి గిట్టదు. పొద్దున బట్టలు జాడించిన నీళ్ళని రెండు గంగాళాల్లో దాచి ఉంచేది. డాబా తడపడానికి ఆ నీళ్ళే. బకెట్లతో మెట్లెక్కించేటప్పుడు సగం మా కాళ్ళ మీదే పడేవి. మొదటి చెంబు పోయగానే డాబా చుయ్‌మని పీల్చేసుకునేది. తడి పరుచుకున్నట్టే ఉండి, అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చి, మన కళ్ళముందే మాయమయ్యేది. పడమటి పిట్టగోడ పక్క మరీ అన్యాయం, అక్కడ మూడు చెంబులు పోస్తే గానీ కాలు పెట్టనిచ్చేది కాదు. ఆరు బకెట్లయ్యాక వేడి ఆవిరి మొహాన కొట్టేది, దాంతోపాటు సబ్బువాసన. ఈ రోజుకీ బట్టలుతికే సబ్బువాసన తగిలితే నాకు పడుకోవాలనిపిస్తుంది. చెబితే మా వారు నవ్వుతారు.

ఆరిన డాబా మీద మంచాలు. నాయనమ్మది నవారు మంచం, నాన్నది అల్యూమినియం మడతమంచం, మిగతా అందరికీ బొంతలు. పక్కల మీద ఎవరూ కూర్చోకూడదు, నలిపితే చల్లదనం పోతుందట. ఈ సూత్రం నాయనమ్మది. అందులో సైన్సు ఎంతుందో తెలీదుగానీ మా గెంతులైతే ఆగాయి.

ఏడు దాటాక గేటు చప్పుడు. నాన్న లోపలికి అడుగు పెట్టీ పెట్టకముందే తమ్ముడు, "నాన్నా, సచిన్..." అని మొదలెట్టాడు. నాన్న చెయ్యెత్తి ఆపారు. "నూట ముప్ఫై నాలుగు. చూశాన్రా. అబ్బో, ఏం ఆటరా అది! స్నానం చేసొచ్చి చెప్తా, ఉండండి." మా ఇద్దరికీ గాలి తీసేసినట్టయింది. మేం చెబుదామనుకుంటే ఆయనే చెప్తానంటారేమిటి? చొక్కా జేబులోంచి బాదం ఆకులో చుట్టిన మల్లెమొగ్గల పొట్లం తీసి అమ్మకిచ్చారు. బస్సు వేడికి కొన్ని అప్పుడే విచ్చుకున్నాయి. కుడి చెయ్యి తెల్లగా ఉంది, కిటికీ దొరికినట్టే.

భోజనాలయ్యాక తొమ్మిదింటికి నాన్న స్నేహితులు ముగ్గురూ మేడెక్కారు. ఒకాయన కాలేజీ లెక్చరర్, ఒకాయన ఎల్ఐసీ ఏజెంటు, మూడోఆయనకి పట్నంబజారులో బట్టలకొట్టు. శనివారం రాత్రి మా డాబా మీద చతుర్ముఖ పారాయణం, అంటే పేకాట, తప్పని నియమం. పొడుగు వైరుకి బల్బు తగిలించి బట్టలు ఆరేసే దండేనికి వేలాడదీసేవాళ్ళం. డబ్బులు పెట్టి ఆడితే ఇంట్లో అడుగు పెట్టనివ్వనని నాయనమ్మ ఏనాడో తేల్చేసింది కాబట్టి పందెం చింతపిక్కలు. నవ్వులాట కాదు, ఆ లెక్క ఓ డైరీలో ఉండేది. ఏజెంటుగారు మా నాన్నకి నాలుగు వందల పైచిలుకు చింతపిక్కలు బాకీ. ఆయన జీవితాంతం ఆ బాకీ తీర్చలేదు.

అమ్మ పెద్ద స్టీలు గిన్నెలో మజ్జిగ తెచ్చింది. అల్లం, కరివేపాకు దంచి వేసి, నిమ్మాకులు నలిపి వేసి. రెండు ఆటలయ్యాయో లేదో కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు పోవడం వార్త కాదు. కానీ మర్నాడు అమావాస్య. వీధిలో దీపాలు పోయేసరికి ఆకాశం ఒక్కసారిగా మీదికి దిగినట్టయింది. పక్క డాబాల మీద వాళ్ళ గొంతులే తప్ప మనుషులు కనపడలేదు. నాయనమ్మ మంచం మీంచే సప్తర్షులని చూపించి, వసిష్ఠుడి పక్కన అరుంధతి కనపడుతోందా అని అడిగింది. తమ్ముడు కనపడుతోందన్నాడు. నాకూ కనపడింది. "నాకైతే ఇద్దరు అరుంధతులు కనపడుతున్నారు," అంది నాయనమ్మ. శుక్లాల ఆపరేషన్ ఆ తర్వాతి ఏడాది చేయించారు.

పేకముక్కలు చీకట్లో ఎవరూ చూడలేరు కదా, అప్పుడు నాన్న మొదలెట్టారు. రెంటచింతల సెంటర్లో కిళ్ళీకొట్టు ముందు రోడ్డు సగం దాకా జనం నిలబడి మ్యాచ్ చూశారట. సచిన్ సిక్సర్ కొడితే కొట్టువాడు సోడాబుడ్డీ దానంతటదే పేలిందనుకుని బెదిరాడట. 273 కొట్టాలి, అందులో మనవాడివే 134, కెప్టెన్ అజహర్ అర్ధ సెంచరీ దాటాడు, ఇలా అంకెలన్నీ పొల్లు పోకుండా. డాబా మీదున్న ప్రతివాళ్ళూ ఆ మ్యాచ్ చూసినవాళ్ళే. అయినా ఒక్కరు నోరెత్తలేదు. పక్క డాబా మీంచి పిన్నిగారు కూడా పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మేం చూసిన మ్యాచ్ కంటే నాన్న చెప్పిన మ్యాచ్ బావుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఊపందుకున్నాక ఆయన గొంతు తగ్గించి, "అదిగో, అప్పుడు లేచిందయ్యా ఇసుక తుఫాను! ఎదుటి మనిషి కనపడితే ఒట్టు. ఆటగాళ్ళందరూ నేల మీద బోర్లా పడుకున్నారు..."

"అది బుధవారం కదా నాన్నా?" అన్నాడు తమ్ముడు.

ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. లెక్చరర్ గారు దగ్గారు. నాన్న ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "బుధవారం వచ్చింది మొదటిదిరా. నిన్న రెండోది వచ్చింది. చిన్నది. మీ టీవీలో చూపించి ఉండరు."

తమ్ముడు నా వైపు తిరిగాడు. చీకట్లో మొహం కనపడలేదు గానీ వాడేం అడుగుతున్నాడో నాకు తెలుసు. మేమిద్దరం ఆ హాల్లోంచి మంచినీళ్ళకి కూడా లేవలేదు. ఏజెంటుగారు మాత్రం, "వచ్చిందొచ్చింది, నేను చూశాగా," అన్నారు గంభీరంగా. నాలుగు వందల పిక్కల బాకీ ఉన్నవాడు అంతకంటే ఏమంటాడు?

ఆదివారం పొద్దున్నే ముంజలు. సైకిల్ వెనక గెలలు కట్టుకుని వచ్చేవాళ్ళు ఎండ ఎక్కకముందే లైన్లోకి వచ్చేవాళ్ళు. వీధిలోనే కూర్చుని కత్తితో చెక్కితే మూడు కళ్ళు. లేతవైతే బొటనవేలు పెట్టి పెకలిస్తే చాలు, కన్నులోంచి ముంజ జారి చేతిలోకి వస్తుంది. లోపల నీళ్ళుంటాయి. అది పగిలి గౌను మీద పడ్డదంటే ఆ మరక గౌను పాతబడేదాకా ఉంటుంది. తొక్క తీసి తినాలన్నది అమ్మ పక్షం. తొక్కతోనే తినాలి, కడుపుకి మంచిదన్నది నాయనమ్మ పక్షం. నాన్న ఎవరి ఎదుట వాళ్ళ పద్ధతిలో తినేవారు. తీసిన తొక్కల్ని వీపు మీద చెమటకాయలకి రుద్దేవాళ్ళు, కాసేపు హాయిగా ఉండేది. ఖాళీ బుర్రలు మావి. రెండు బుర్రలకి మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ వెళితే అది బండి. మధ్యాహ్నం లోపు ఆ లైన్లో ఎన్ని బళ్ళు తిరిగాయో లెక్కలేదు.

ఆవకాయకి కాయ వచ్చేసిందని, నాన్న ఉండగానే పెట్టేద్దామని అమ్మ ఆలోచన. "ఆదివారం, అందులో అమావాస్య. ఇవాళ ఆవకాయా? ఇంకేమైనా ఉందా!" అని నాయనమ్మ కొట్టిపారేసింది. దాంతో ఆ ఆదివారం ఎవరికీ ఏ పనీ లేకుండా పోయింది. ఆవకాయ పెట్టిన వేసవులు చాలా ఉన్నాయి, అన్నీ కలగలిసిపోయాయి. పెట్టని ఆ ఒక్క ఆదివారమే విడిగా గుర్తుంది.

మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు. మంచం కింద వరిగడ్డిలో మాగేసిన బంగినపల్లి కాయల్లోంచి నాన్న ఒక్కొక్కటీ తీసి ముచ్చిక దగ్గర వాసన చూసి, మూడు పక్కన పెట్టి, మిగతావి మళ్ళీ గడ్డిలో కప్పేసేవారు. ఈ పని ఇంకెవరు చేసినా ఆయనకి నచ్చేది కాదు. పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి అడుగు పెట్టకూడదు, ఇది ఊరంతటికీ ఉన్న చట్టం. మా కూలర్ వేస్తే ఎర్రబస్సు ఘాట్ రోడ్డెక్కుతున్నట్టు మోత. ఆ మోతలోనే పక్కింటి పిల్లలూ మేమూ క్యారమ్స్ ఆడాం. నాన్న గుమ్మానికి అడ్డంగా, ఉత్త గచ్చు మీద, తడి తువ్వాలు గుండెల మీద వేసుకుని పడుకున్నారు. ఎవరు బయటికి వెళ్ళాలన్నా ఆయన్ని దాటాలి. మూడుసార్లు దాటాను. మూడోసారి కళ్ళు మూసుకునే, "దాటితే పొడుగు ఎదగను నేను," అన్నారు.

సాయంత్రం రస్నా. ప్యాకెట్ మీద 32 గ్లాసులని రాసుండేది. మా అమ్మ నలభై తీసేది. ముప్ఫై రెండో గ్లాసు నుంచి అది రంగునీళ్ళే, అయినా ఎవరూ వద్దనలేదు.

చీకటి పడుతుంటే సంచి సర్దడం మొదలు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలు, నిండిన సీసాలు, సీసా మూతకీ గొంతుకీ మధ్య ప్లాస్టిక్ కాగితం. ఆ పని జరుగుతున్నంతసేపూ నేను ఆ గదిలోకి వెళ్ళేదాన్ని కాదు. నాన్న తెల్లవారుజామున బస్సుకి వెళ్ళాలి. ఆయన లేచేటప్పుడు నేనూ లేస్తానని ప్రతి ఆదివారం చెప్పేదాన్ని. ఒక్క సోమవారం కూడా లేవలేదు. కళ్ళు తెరిచేసరికి ఎండ మొహాన ఉండేది, మడతమంచం మడిచి పిట్టగోడకి ఆనించి ఉండేది.

ఆ డాబా మీద తర్వాత ఇంకో అంతస్తు లేచింది. నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను, శని, ఆదివారాలు రెండూ సెలవే. శనివారం సగం సరుకులకీ, సగం నిద్రకీ పోతుంది. ఏసీ ఉంది కాబట్టి ఎండ సంగతి ఫోన్లో చూసి తెలుసుకోవడమే. అందులోనూ నా వేలు రెంటచింతల దగ్గరికే వెళుతుంది, అక్కడ మా వాళ్ళెవరూ లేకపోయినా.

మొన్న వేసవిలో అందరం గుంటూరులో కలిశాం. ముంజలు తింటూ ఆ ఫైనల్ మాట వచ్చింది. తమ్ముడు వాళ్ళ అబ్బాయికి ఆ రాత్రి కథంతా చెబుతుంటే అమ్మ మధ్యలో అందుకుంది. "మీ నాన్న ఆ మ్యాచ్ ఎక్కడ చూశార్రా? ఆ సాయంత్రం నుంచి అక్కడ కరెంటే లేదు. చీకట్లో విసనకర్రతో కూర్చున్నారట. తెల్లారి పేపర్లో అంకెలు చూసుకుని, బస్సులో కండక్టరునీ పక్కవాళ్ళనీ అడిగి మిగతాది తెలుసుకున్నారు. ఆ రాత్రే చెప్పారు నాకు."

ఇన్నేళ్ళూ మాకెందుకు చెప్పలేదమ్మా అంటే, "మీరడగందే?" అంది.

నాన్నకిప్పుడు డెబ్బై అయిదు. ఈ సంభాషణంతా వినపడనట్టు ముంజ తొక్క తీస్తున్నారు. తమ్ముడు ఊరుకోకుండా ఫోన్‌ని టీవీకి కలిపి ఆ ఫైనల్ హైలైట్స్ పెట్టాడు. నాన్న కళ్ళజోడు తుడుచుకుని కుర్చీ ముందుకి లాక్కున్నారు. మొత్తం చూశారు, కదలకుండా. సచిన్ సిక్సర్ కొట్టిన చోట చేత్తో కుర్చీ చెయ్యి మీద ఒక్కటి కొట్టారు. ఆట అయిపోయింది. కప్పు ఇచ్చారు. తమ్ముడు రిమోట్ పక్కన పెట్టి ఆయన వైపు తిరిగాడు.

"ఏది నాన్నా మరి తుఫాను?"

నాన్న కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"హైలైట్స్ కదరా. కట్ చేసుంటారు."